తోక కింద

వేట నిషేధం మొదలైన మూడో రోజు.
హార్బర్‌లో పడవలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి.
మా లంగరు ఒక్కటే కదులుతోంది మళ్ళీ,
ముందుకాళ్ళతో నడుస్తూ, వెనకభాగం ఈడ్చుకుంటూ.
గచ్చు మీద తడి గీత.

లంగరంటే మా కుక్క.
గుమ్మంలో పడుకుంటే ఎవరు లాగినా రాదని
మా గుంటడు పెట్టిన పేరు.

చలికాలంలోనే అడిగింది డాక్టరమ్మ:
"చేపల కంపులాంటి వాసన వస్తుందా?"
నేనూ ఆదెమ్మా మొహాలు చూసుకున్నాం.
ఇంటి నిండా ఎండు నెత్తళ్ళు, కవళ్ళు.
"మాకేటి తెలుస్తాది తల్లీ," అంది ఆదెమ్మ.
జబ్బు వాసనా, కూడు పెట్టే వాసనా
ఒకటే అయిన ఇంట్లో
ముక్కుని ఏం నమ్ముతాం?

అప్పట్నించి మూడుసార్లు పిండారు.
మూడుసార్లూ నిండింది. చివరిసారి చీము.
మందుల చీటీ వెనక గడియారం గీసి
నాలుగు దగ్గరొక సంచి, ఎనిమిది దగ్గరొక సంచి పెట్టి
"శనగ్గింజంత ఉండాల్సినవి
నేరేడుపండంత అయ్యాయి. తీసెయ్యాలి," అంది.

ఆపరేషన్ రోజు ఆదెమ్మ
చేతులకి నిమ్మచెక్క రుద్దుకుని మరీ వచ్చింది.
బల్ల మీద మా పక్కనున్నావిడ
తన లాబ్రడార్‌ని లాక్కుని కిటికీ దగ్గరికి జరిగింది.
కుక్క వల్లో, మా వల్లో
అడగలేదు మేము.

కాగితంలో కుక్క ఇంటిపేరు రాయాలన్నారు.
మాదే రాయించాం. మైలపల్లి లంగరు.
కింద నా సంతకం.
పైన ఏముందో డాక్టరమ్మ చదివి చెప్పింది:
నరం పక్కనే కోత. కొన్నాళ్ళు పట్టు తప్పొచ్చు.
ఎప్పటికీ రాకపోవచ్చు కూడా, అరుదుగా.
ఆ "అరుదుగా" అన్న మాట పట్టుకుని
గంటన్నర మెట్ల మీద కూచున్నాను.

వల అల్లేవాణ్ణి నేను.
కుట్టు చూస్తే చెయ్యి ఎలాంటిదో చెప్పగలను.
అటు నాలుగు, ఇటు నాలుగు,
ఎక్కడా బిగువు లేదు, వదులు లేదు.
మంచి చెయ్యి.

నీలం బకెట్ అడుగు కోసి మెడకి తొడిగాం.
దాంతో తలుపుని, మంచం కోడుని, ఆదెమ్మ మోకాలిని
గుద్దుకుంటూ తిరిగింది.
నాలుగో రోజు రాత్రి, నిద్దట్లోనే,
దానికి తెలియకుండా జారిపోయింది.
లేచి వెనక్కి చూసుకుని
బకెట్‌తో సహా మంచం కిందకి దూరింది.
ఎంత పిలిచినా రాలేదు.
ఆదెమ్మ గుడ్డతో తుడిచి, నీళ్ళు జల్లి,
మంచం పక్కన నేల మీదే పడుకుంది.
యారాడ కొండ మీది దీపం తిరిగి తిరిగి
వాళ్ళిద్దర్నీ చూసిపోతూ ఉంది.

ఎర్ర గుమ్మడి ఉడికించి అన్నంలో కలిపాం.
నీళ్ళ రంగు చూసి ఎక్కడ గుంపుందో చెప్పే నేను
రోజూ పొద్దున్నే కుక్క వెనక వంగి
ఇంకో రంగు చూస్తున్నాను.
ఎదురింటి కొర్లయ్య నవ్వాడు. నవ్వనీ.

పన్నెండో రోజు, ఇంకా మసక ఉండగా,
తనే ఇసకలోకి నడిచింది.
మూడుసార్లు తిరిగింది. కూచుంది. ఆగింది.
తనకి కావలసిన చోట, కావలసినప్పుడు.
"ఓలమ్మీ, బేగి రాయే!" అని నేను వేసిన కేకకి
పక్క పడవలో పడుకున్నోళ్ళు లేచారు,
ఏ చేప పడిందోనని.

కుట్లు విప్పాక మొదటిసారి జెట్టీకి తీసుకెళ్ళాను.
ఐస్ ఫ్యాక్టరీ దగ్గరి కుక్కలన్నీ వచ్చి
తోక కింద ముక్కు పెట్టాయి.
అక్కడుండేది వాటి లెక్కలో పేరు, ఊరు, వయసు.
ఇప్పుడేమీ లేదు.
ఒక నల్లది అనుమానంగా గుర్రుమంది.
లంగరు కదలకుండా నిలబడింది,
చిరునామా అడిగితే చెప్పలేని మనిషిలాగా.

అప్పుడు ఆ ముసలి పసుపు కుక్క,
ఒంటి చెవిది, మెల్లగా వచ్చింది.
వాసన చూసింది. ఆగింది. మళ్ళీ చూసింది.
తుమ్మింది.
తర్వాత వెళ్ళి ఐస్ కరిగిన తడిలో పడుకుని
పక్కన కొంచెం చోటు వదిలింది.

అది ఏం చదివిందో నాకు తెలీదు.
లంగరు వెళ్ళి ఆ చోట్లో
జాగ్రత్తగా, ఒక పక్కకి ఒరిగి, కూచుంది.